నదీముఖం లేని జిల్లాలో నత్తలు

1962 వేసవి. కరీంనగర్ జిల్లాలోని ఒక చిన్న సర్కారు ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరి ఏడాదైంది. ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా కూతురు, ఐదేళ్ల సుజాత గుప్పిట విప్పింది.

"అవ్వా, వాగుల దొరికింది. గీ నత్త ఎంత తెల్లగున్నదో జూడు!"

ఆ తెలుపు ఉప్పుది. నాకు భయం పట్టింది అప్పుడే.

కారణం, ఆ నెల రాజధాని నుంచి వచ్చిన సర్క్యులర్. నదీముఖాల్లో, అంటే నదులు సముద్రంలో కలిసే చోట్ల, నత్తల్లో కలరా జాతి క్రిములున్నాయేమో పరీక్షించాలని అన్ని జిల్లాలకూ పంపారు. మాకు సముద్రం లేదన్న సంగతి పంపినవారికి తట్టలేదు. కోస్తా నుంచి బదిలీపై వచ్చిన మా డాక్టరు గారు మాత్రం, "శూన్యం అని రాయాలన్నా పరీక్ష చేసే రాయాలమ్మా" అన్నారు. అందుకే సుజాత నత్త తేవడానికి ముందే, మా మానేరు ఏటి నత్తలను మూడు బేసిన్లలో వేసి ఆ జాతి క్రిములు కలిపి చూశాం. ఉప్పు లేని ఏటి నీళ్లలో క్రిములు త్వరగా చచ్చాయి. ఉప్పు బాగా వేసిన చోట నత్తలే చచ్చాయి. కాస్త ఉప్పు వేసిన బేసిన్లో రెండూ హాయిగా ఉన్నాయి.

మా వీధి చివర అద్దకం ఇళ్లు. నూలుకు రంగు పట్టడానికి తొట్లలో ఉప్పు వేస్తారు. ఆ నీళ్లు తూములోంచి పోయి వాగులో కలుస్తాయి.

మర్నాడు అక్కడ నత్తలు ఏరుతుంటే అద్దకం పనిచేసే లక్ష్మమ్మ నవ్వింది. "నత్తలకు గూడ దవాఖాననా అమ్మా? జర మా పోరగాండ్లకు మిగలనియ్యి, కాల్చుకొని తింటరు."

"బాగా ఉడకనియ్యి అక్కా, పచ్చివి తిననియ్యకు."

"ఫికర్ జెయ్యకు. నిన్న నీ బిడ్డ సగం కాలకముందే గుంజుకొని తిన్నది. ఏమన్నా అయిందా?"

నత్తలను నూరి, క్షారం కలిపిన ద్రవంలో వేసి, వెచ్చటి పెట్టెలో ఉంచాను. మరుసటి రోజు సూక్ష్మదర్శిని కింద ఆ కలరా జాతి క్రిములే బిరబిరా పరుగెత్తుతున్నాయి. ఆ రెండు రోజులూ సుజాత నుదురు ఎన్నిసార్లు ముట్టి చూశానో! "ఇడిసిపెట్టవే అవ్వా!" అని విసుక్కుంది. కడుపు చెడలేదు.

డాక్టరు గారు స్లయిడు చూసి మెచ్చుకున్నారు. తర్వాత ఫారం తీశారు. "నదీముఖం పేరు అడిగారు. అద్దకం తూము అని రాస్తే నవ్వుతారమ్మా" అంటూ, శూన్యం అని రాసి సంతకం పెట్టారు.

ఉద్యోగం మానేసిన ఇన్నాళ్లకు, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. క్రిములకు సముద్రం అక్కర్లేదు, కాస్త ఉప్పు చాలు. సముద్రం కావలసింది ఆఫీసుకే.

ఆ సంతకమైన మర్నాడు పొద్దున మా పిల్లలనూ లక్ష్మమ్మ పిల్లలనూ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను: "నత్తను ముట్టుకుంటే సబ్బుతోని చేతులు కడగాలె. కుండల మంచిగ ఉడికినంకనే తినాలె. మన జిల్లాల ఆ పురుగు లేదని సర్కారు రాసుకున్నది. గా సంగతి నత్తలకు తెల్వదు."