ఆరు సందుల మైదానం

సత్తయ్య మాస్టారు ఇక లేరన్న కబురు మొన్న గురువారం పొద్దున అందింది. చెప్పిన మనిషి వెళ్లిపోయాడు. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. మహనీయుల నిర్యాణవార్త విన్నప్పుడు ముందుగా వారి సద్గుణాలు స్మృతిపథంలో మెదలాలంటారు. నాకు మాత్రం నా తెలివితక్కువతనమే మెదిలింది. నలభై ఏళ్లుగా ఊరందరి ముందూ దాన్ని ఎత్తిపొడిచిన నోరు మూతబడింది కనుక, ఇక నా నోటితోనే ఒప్పుకుంటాను. ఆటస్థలం కట్టమంటే నేను బందెలదొడ్డి కట్టాను.

నాది పాలమూరు వైపు. తెలంగాణ పల్లెలు మండిపోతున్న రోజుల్లో నేను హైదరాబాదు హాస్టల్లో కూర్చుని నున్నటి కాగితాల మీద సన్నటి గీతలు గీసుకున్నవాణ్ణి. గీతలు వచ్చాయి గానీ గీటురాయి మీద నిలిచే జ్ఞానం రాలేదు. సాయుధ పోరాటం ముగిసిన మరుసటి ఏడు, ఓవర్సీరు కొలువులో కట్టంగూరు దాపులోని ఆ ఊళ్లో దిగాను. అక్కడి మిడిల్ స్కూలు డ్రిల్ మాస్టారే సత్తయ్య. సన్నటి మనిషి, ఖాకీ నిక్కరు, మెడలో నల్లదారానికి వేలాడే ఈల. పోరాటకాలంలో ఊరి నుంచి ఊరికి చీటీలు మోస్తూ రాళ్లగుట్టల మీద పరుగెత్తిన కాళ్లవి. ఆ పరుగుకు బహుమానంగా కొన్నాళ్లు జైల్లో కూర్చోబెట్టారు. బయటికొచ్చాక మళ్లీ పరుగే. కాకపోతే ఈసారి పిల్లలను వెంటబెట్టుకుని.

గుట్ట కింద మిలిటరీ డేరాలు వేసుకున్న బయలు ఒకటి ఖాళీ అయింది. దాన్ని ఆటస్థలం చేయాలని ఆయన కచేరి చుట్టూ తిరిగాడు. అప్పట్లో పోరాట దళానికి అన్నం పెట్టిన ఇంటి కొడుకూ, దొర గడీలో నౌకరీ చేసిన ఇంటి కొడుకూ ఒకే బావి దగ్గర ఎదురుపడినా ముఖాలు తిప్పుకునేవారు. "బంతి అందిచ్చుకున్నోళ్లు ఎన్నడో ఒకనాడు మాట గూడ అందిచ్చుకుంటరు సారూ," అనేవాడు మాస్టారు. తహసీల్దారు ఒక షరతు పెట్టాడు. మొదటి ఆటకు జనం రావాలి. రాకపోతే ఆ జాగాలో ధాన్యం గోదాం లేస్తుంది. బంతి, ఉరుకుడు పందెం మాస్టారు వంతు. ఆట చుట్టూ కావలసిన నీళ్లు, నీడ, గదులు, గోడ నా వంతు.

నా మొదటి నక్షాను ఆయన ముందు పరిచిన దృశ్యం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఒక మూల గది మీద వేలు పెట్టి "గిదేంది సాబ్?" అన్నాడు. "ఆటగాళ్లు దుస్తులు మార్చుకునే గది," అన్నాను దర్జాగా. ఆయన నవ్వి నవ్వి ఈల ఊడిపడేదాకా నవ్వాడు. "మా పోరగాండ్లకు ఉన్నదే ఒక్క అంగి. మార్చుకునెటందుకు ఇంకోటి యాడికెల్లి తేవాలె?" ఆ గదిలో చివరికి బంతులు, పగ్గాలు, గీతలు పోసే సున్నం, దెబ్బలకు రాసే అయోడిన్ సీసా కాపురం చేశాయి. అధికారులు కూర్చునే గద్దెకు నేను వేసిన రేకుల కప్పును, వేలితోనే అటు నెట్టి, ఊరి ముసలివాళ్లు కూర్చునే వైపు పెట్టాడు. "సాబ్‌లకు టోపీలున్నయ్. మావోళ్లకు నెత్తులే ఉన్నయ్." నేను గౌరవాన్ని కప్పబోయాను, ఆయన నెత్తిని కప్పించాడు.

నీళ్ల విషయంలోనూ అంతే. మైదానం పక్కనే బావి ఉందని నేను సంబరపడితే, ఆయన ఒక దోసెడు తాగించి, మైలు దూరంలోని మరో బావికి నడిపించి అక్కడా తాగించాడు. "మర్రిగూడ దిక్కు పోరగాండ్ల పండ్లు సూడు, గార వట్టి ఉంటయ్. నీళ్లల్ల ఏముందో నాకెర్క లేదు గని, గీ దగ్గర బాయి నీళ్లు తాగెటోళ్ల పండ్లు గూడ అట్లనే అయితున్నయ్." దూరపు బావి నుంచి బండిలో నీళ్లు తెచ్చి నింపే తొట్టి కట్టించాడు. శాస్త్రం నాకుండేది, చూపు ఆయనకుండేది.

అంతదాకా విన్నవాణ్ణి, ఒక్కచోట వినలేదు. "గోడ వద్దు, కంప దడి చాలు," అని చెప్పి మాస్టారు మలేరియాతో నల్లగొండ దవాఖానలో నెల రోజులు పడుకున్నాడు. ఆ నెలలో నా కళాతృష్ణ పెచ్చరిల్లింది. డేరాల చుట్టూ మిలిటరీ పేర్చి వదిలేసిన రాళ్లు ఎలాగూ ఉన్నాయి. మనిషికి మించిన ఎత్తున నాలుగు దిక్కులా గోడ లేపించాను. దానికి ఒకే ఒక సింహద్వారం. క్రమశిక్షణ అంటే ఒకే దారిన రావడం, ఒకే దారిన పోవడం అని మాకు పాఠం చెప్పారు మరి.

మొదటి ఆట రోజు వచ్చింది. జట్లు వచ్చాయి, తహసీల్దారు జీపులో వచ్చాడు. గోడ లోపల జనం లేరు. ఉన్నారు, ఆడామగా, పిల్లాజెల్లా అంతా గుట్ట రాళ్ల మీద, ఎండలో నిలబడి దూరం నుంచి చూస్తున్నారు. నేను వేసిన రేకుల నీడలో ఒక కుక్క మాత్రం నిశ్చింతగా పడుకుంది. జ్వరం ఇంకా వదలని మాస్టారు గొంగడి కప్పుకుని వచ్చి, నా ద్వారాన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"దీన్ని ఏమంటరు సాబ్?"

"సింహద్వారం," అన్నాను నీరసంగా.

"సింహమన్న వస్తదేమో సూద్దాం. మనుషులైతె వస్తలేరు."

నేను గుట్ట ఎక్కి, ముందు వరుసలో నిలబడ్డ కురుమ నర్సవ్వను అడిగాను. మేకల మంద కాసుకునే ముసలామె. "అవ్వా, లోపల నీడ ఉంది, నీళ్లున్నాయి. ఎందుకు రారు?"

ఆమె నన్ను పసివాణ్ణి చూసినట్టు చూసింది. "ఒక్క దర్వాజ ఉన్న జాగల ఒకపారి కూసున్నం బిడ్డా. ఊరోళ్లందర్ని దొడ్డిల తోలిండ్రు. దర్వాజకాడ ఒగడు నిలవడి, నువ్వు రా, నువ్వు రా అని ఏలు వెట్టి సూపెట్టిండు. నా పెద్దకొడుకు అండ్లకెల్లే పోయిండు. మల్ల రాలే." నొప్పించానేమోనని కాబోలు, "గోడ అయితె మంచిగ కట్టినవ్," అంది.

ఆ మెప్పు నన్ను కొరడాలా తాకింది. ఆ దర్వాజ దగ్గర నిలబడ్డవాళ్లు ఒకసారి రజాకార్లు, ఇంకోసారి మిలిటరీవాళ్లట. టోపీలు మారాయి గానీ వేళ్లు మారలేదు. ఇదంతా ఆ తాలూకాలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకే తెలియదు.

తహసీల్దారు జీపు ఎక్కుతూ, "వచ్చే ఆదివారం ఇంకో ఆట పెట్టుకోండి. అప్పుడూ ఇంతే అయితే గోదామే," అన్నాడు. మర్నాడు పొద్దున్నే మాస్టారు గడ్డపార భుజాన వేసుకుని నా బస ముందు నిలబడ్డాడు. కూలీలను పిలిపిస్తానన్నాను. గడ్డపార నా చేతిలో పెట్టాడు. "కట్టినోడే కొట్టాలె సాబ్. అప్పుడే మల్ల కట్టెటప్పుడు యాదికుంటది." నా మొట్టమొదటి కట్టడం మీద మొట్టమొదటి పోటు నేనే వేశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పొద్దుగూకేసరికి ఆయనా నేనూ పిల్లలూ కలిసి గోడలో ఆరు సందులు పెట్టాం. అప్పుడాయన అన్న మాటను నా తరువాత ఎందరో ఓవర్సీర్లకు నేను అప్పజెప్పాను: "లేచిపోయే దారి ఉన్నకాడనే మనిషి నిమ్మలంగ కూసుంటడు."

ఆదివారం నర్సవ్వే ముందు వచ్చింది. సందు పక్కనే, ఒక కాలు లోపల ఒక కాలు బయట పెట్టుకుని కూర్చుంది. ఆమె వెనుక మరొకరు, ఆ వెనుక పదిమంది. సగం ఆట అయ్యేసరికి ఆమె రెండో కాలు కూడా లోపలికి వచ్చింది. ఆట చివరికి రేకుల నీడలోకి జరిగి, గోలు కొట్టలేకపోయిన తన మనవణ్ణి "నీ కాళ్లల్ల మన్ను వొయ్య" అని తిడుతోంది. ఆ తిట్టు విని మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు. జాగా మాకు దక్కింది. ఆ జట్టులో గడీ నౌకరు కొడుకు బంతిని దళం ఇంటి కొడుకుకు అందించాడు. మాట అందడానికి మరో రెండేళ్లు పట్టిందనుకోండి, అది వేరే సంగతి.

సందులు పెట్టగానే వాటిలోంచి ఎద్దులూ బర్రెలూ కూడా ప్రేక్షకులై వచ్చాయి. అప్పుడు నేను ప్రతి సందు ముందూ మరో చిన్న గోడ అడ్డంగా పెట్టించి, మనిషి మాత్రం పక్కకు మళ్లి దూరేలా, పశువు మళ్లలేక ఆగిపోయేలా వంకర దారి చేశాను. మేకలకు మాత్రం ఏ ఇంజినీరూ జవాబు చెప్పలేడు. ఒక సందులో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి చూసి, మాస్టారు "గిప్పుడు అయినవ్ ఓవర్సీర్‌వి," అన్నాడు. నా ఉద్యోగజీవితంలో అంతటి బిరుదు మళ్లీ రాలేదు.

అయితే అదే రోజు ఆయన ఒక శపథం కూడా చేశాడు: నా సింహద్వారంలో ఆజన్మాంతం అడుగు పెట్టనని. వానలో, ఎండలో, మోకాళ్ల నొప్పులొచ్చి కర్ర పట్టిన ముసలితనంలో కూడా సందులోంచే దూరాడు. కొత్తవారు ఎవరొచ్చినా నన్ను చూపించి, "ఈయన మా ఒంటిదర్వాజ ఓవర్సీర్ సాబ్. జర దూరంగ నిలవడుండ్రి, సుట్టూ గోడ కట్టేస్తడు," అని పరిచయం చేసేవాడు. నలభై ఏళ్లు నేను పళ్లు కొరుక్కున్నాను. కొరికిన పళ్లతోనే నవ్వాను.

ఆయన శిక్షణలో పరుగెత్తినవారు, ఆడినవారు జిల్లా అంతటా ఉన్నారు. వారికి గురువు పోయాడు. నాకు పోయింది అంతకంటె చిన్నదో పెద్దదో తేల్చుకోలేకుండా ఉన్నాను. నా తప్పును నాకంటె బాగా జ్ఞాపకం పెట్టుకుని, దాన్ని చూసి కూడా నన్ను వదలని మనిషి పోయాడు. అలాంటి ఖాళీని పూడ్చే నక్షా ఏ పాఠశాలలోనూ నేర్పరు.

గురువారం సాయంత్రం ఆయన్ని చివరిసారి మైదానం చూపించాలని శిష్యులు పట్టుబట్టారు. అలవాటు కొద్దీ పాడెను ఆయన రోజూ దూరే సందు దగ్గరికే మోసుకొచ్చారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. పశువు మళ్లకూడదని పెట్టిన వంకరలో పాడె కూడా మళ్లలేదు. "ఎట్ల సారూ?" అని నా వైపు చూశారు.

నేను ముందు నడిచాను. నా సింహద్వారం తలుపులు రెండూ బార్లా తీసి, పక్కకు తొలగి, చేతులు జోడించి, "రాండ్రి మాస్టర్ సాబ్," అన్నాను. ఆయన వచ్చాడు. నా దర్వాజలోంచి, ఊరందరూ చూస్తుండగా, రాజాలాగ వచ్చాడు.

ఆయనకు నోరుంటే ఏమనేవాడో నాకు తెలుసు. "నేనేడ అడుగు వెట్టిన సాబ్? మోసుకొచ్చిండ్రు గద!" ఆ మాట ఎక్కడినుంచైనా వినిపిస్తుందేమోనని, అందరూ లోపలికి వెళ్లాక కూడా, తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.