అక్క దాచమన్న వెనిలా సీసా

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా వాటా పక్కనే, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. వాళ్లాయన ఏదో ఆఫీసులో గుమాస్తా. వాళ్లకు పిల్లలు లేరు, సగం రోజు నేనే వాళ్ల పిల్లని. అక్క పాత గిన్నెలో ఇసుక పోసి, పొయ్యి మీద పెట్టి, అందులో కేకు చేసేది. పిండిలో వెనిలా ఎసెన్సు వేసే ముందు ఒక చుక్క అరచేతిలో రుద్ది వాసన చూసేది. ఘాటు ఎగిరిపోయాక కూడా తియ్యటి వాసన చేతికి అంటుకుని ఉంటే బాగున్నట్టు, ఏమీ మిగలకపోతే చెడిపోయినట్టు. తర్వాత ఆ చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టేది. నేనా, ఓ పట్టాన వదిలేదాన్ని కాదు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బడులు మూసేశారు. మా మామయ్య ఊరేగింపుల్లో తిరిగేవాడు. మనవాళ్లకు ఉద్యోగాలు దక్కడం లేదన్న ఆయన కోపంలో న్యాయం ఉందని మా ఇంట్లో అందరూ అనుకునేవారు. అయినా అక్కవాళ్ల కిటికీ మీద ఎవరో రాయి విసిరిన రోజు అందరికన్నా ముందు పరుగెత్తింది మా అమ్మే. మర్నాడు అక్క పుట్టింటికి బయలుదేరింది.

వెళ్తూ వెళ్తూ ఎసెన్సు సీసా నా చేతిలో పెట్టింది. "ఎండ తగలనీయకు, పొయ్యి దగ్గర పెట్టకు. మూత మాత్రం ఊరికే తియ్యకమ్మా, వాసన ఎగిరిపోతుంది. నేనొచ్చాక నీ పుట్టినరోజుకి కేకు చేసుకుందాం" అంది.

సీసాను బట్టల పెట్టెలో అడుగున దాచాను. రెండు రోజులు బుద్ధిగానే ఉన్నాను. మూడో రోజు బెంగ పట్టలేక మూత తీశాను. అక్క వచ్చి నా పక్కన కూర్చున్నట్టే అనిపించింది. ఇక రోజూ అదే పని. అమ్మ చూసి, "గట్ల మాటిమాటికి తీస్తే ఏం మిగులుతదే?" అని కసిరేది. వింటే కదా! నెలలు గడిచాయి, పుట్టినరోజూ వెళ్లిపోయింది. ఒకరోజు చుక్క వేసి రుద్దితే అరచేతిలో ఏ వాసనా మిగల్లేదు. ఎంత ఏడ్చానో.

అక్క వచ్చింది, కానీ ఉండడానికి కాదు. వాళ్లాయనకు బదిలీ అయిందట, సామాను తీసుకెళ్లడానికి వచ్చారు. లారీలోకి ఎక్కిస్తుంటే సీసా తెచ్చి ఇచ్చాను. అక్క అలవాటుగా ఒక చుక్క రుద్ది వాసన చూసింది.

"ఇంకా ఘుమఘుమలాడుతోందే! ఎంత జాగ్రత్తగా దాచావమ్మా" అంది. ఆ చెయ్యి మాత్రం నా ముక్కు దగ్గర పెట్టలేదు. పిడికిలి మూసుకుని, రెండో చేత్తో సీసాను తన చేతిసంచిలో పెట్టుకుంది.

అక్క అబద్ధమాడిందని నాకు తెలుసు. నా మనసు కష్టపెట్టలేకే అలా అందనీ తెలుసు. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎవరైనా నా కోసం దాచి తెచ్చింది పాడైపోయి ఉన్నా, బాగుందనే చెప్పి తీసుకుంటాను. అది అక్క దగ్గర నేర్చుకున్నదే. కానీ నేను చెప్పాల్సిన మాట ఆ రోజు లారీ కదిలేలోపు చెప్పనేలేదు. నీ మీద బెంగతోనే రోజూ మూత తీశానక్కా అన్న ఆ ఒక్క మాటా ఇప్పటికీ నా దగ్గరే ఉండిపోయింది.