వాస్తు తెలియని పురుగులు

నా చిన్నప్పుడు మా నాయన రొద్దం దగ్గరి మా ఊరు వదిలి హిందూపురంలో బట్టల అంగడి పెట్టాడు. కాపురం కూడా అక్కడికే మార్చాలని కొనడానికి రెండు ఇళ్లు చూసి పెట్టుకున్నాడు. ఎండాకాలం. మా తమ్ముడికి మూడు నెలలు, ఒళ్లంతా చెమటపొక్కులు. పగలంతా అంగట్లో ఉండే నాయనకు ఇల్లంటే నలుగురికీ చూపించుకునేది. పగలంతా బిడ్డనెత్తుకుని ఆ ఇంట్లోనే మగ్గాల్సిన అమ్మను ఏ ఇల్లు కావాలని ఎవరూ అడగలేదు.

మొదటిది తూర్పు ముఖం. కొత్త సిమెంటు మిద్దె, పడమటి గోడకు పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, నడింట్లో కరెంటు ఫ్యాను. రెండోది దక్షిణ ముఖం, పాతది. మూరెడు మందాన రాతి గోడలు, పైన మట్టి మిద్దె. వాస్తు చెప్పే పెద్దమనిషి మొదటిదాన్ని మెచ్చుకుని, రెండోదాన్ని గడప బయటి నుంచే కొట్టిపారేశాడు. యముడి దిక్కు చూసే ఇంట్లో పసిబిడ్డ దక్కడన్నాడు. బిడ్డ తల్లి ఎదుట ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. భయపెట్టి నోరు మూయించేదాన్ని శాస్త్రం అనకూడదని మాత్రం తెలుసుకున్నాను.

మా మేనత్త భర్త పోయాక మా ఇంట్లోనే ఉంటూ పట్టుపురుగులు పెంచేది. శుభమా అని ఇల్లు చూడబోతుంటే విధవ ఎందుకని ఆమెను ఊళ్లోనే వదిలి వెళ్లారు. సంగతంతా అమ్మ నోట విన్నాక, మర్నాడు తనే బయలుదేరింది. ఒకే ఈడు పురుగులను రెండు తట్టల్లో సమంగా పంచి, పైన తడి గోనె కప్పి, సంచెడు ఆకుతో తొలి బస్సెక్కింది. వెంట నేను.

"ఏమక్కా, పురుగులకు గూడా టికెట్టు కొట్టల్లా?" అన్నాడు కండక్టరు.

"కొట్టప్పా, నీ బస్సులో ఇవే నెమ్మదిగా కూసున్నాయి" అంది మేనత్త.

పట్టుపురుగు వేడికి తాళలేదు, మేత మానేస్తుంది. రెండూ ఖాళీ ఇళ్లే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. పొద్దున పదింటికి ఒక్కో నడింట్లో ఒక్కో తట్ట పెట్టి, రెంటికీ ఒకే కొలతగా మల్బరీ ఆకు వేసింది. మేనత్త కబురు పెడితే మూడింటికి నాయనా, వాస్తు పెద్దమనిషీ వచ్చారు. తూర్పు ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆకు అప్పడంలా విరుగుతోంది. పురుగులు దాన్ని ముట్టక, తలలెత్తి కదలకుండా ఉన్నాయి. రాతి ఇంట్లో ఆకు లేదు, కాడలే మిగిలాయి.

"ఇవి ముందే జబ్బు పురుగులు. అయినా పురుగులకు వాస్తు యాడ తెలుస్తాదమ్మా?" అన్నాడు పెద్దమనిషి.

"తెలీదు సామీ. అందుకే వాటిని తెచ్చినా. జబ్బంటాండారు గదా, రేపు తట్టలు మార్చి పెడతా. మీరే వచ్చి చూడండి."

మార్చింది. నిన్న మేత మానినవి రాతి ఇంట్లో ఆకు కొరికాయి. నిన్న కొరికినవి సిమెంటు ఇంట్లో తలలెత్తాయి. పెద్దమనిషి మాత్రం రాలేదు. తలనొప్పి అని కబురు పంపాడు.

బడి మొహం చూడని మేనత్త, ఆ రోజు నా చెయ్యి పట్టుకుని గోడ గోడకూ తిప్పి కారణాలు చూపించింది. పలచని సిమెంటు కప్పు పగలంతా ఎండ తాగి కిందికి వదులుతుంది. పడమటి అద్దాలు సాయంత్రపు ఎండను ఇంట్లోకి పిలుస్తాయి. ఫ్యాను ఆ కాలే గాలినే తిప్పుతుంది, పైగా కరెంటు ఖర్చు. రాతి ఇంటికేమో పడమట పక్కింటి గోడ ఆనుకుని ఉంది. నడి వేసవిలో సూర్యుడు నెత్తిమీదే ఉంటాడు కాబట్టి దక్షిణపు గోడకు ఎండే తగలదు. యముడి దిక్కే చల్లగా ఉంది!

అయినా నాయన నసిగాడు. బజార్లో నలుగురూ ఏమనుకుంటారన్నాడు. ఆ రోజు బిడ్డతో అమ్మ కూడా వచ్చింది. ఎన్నడూ ఆయనకు ఎదురు చెప్పని మనిషి, తమ్ముణ్ని రాతి ఇంట్లో చల్లటి నేలమీద పడుకోబెట్టి పక్కన చతికిలబడింది. వాడు కాసేపటికే నిద్రపోయాడు.

"ఆ నలుగుర్నీ పొయ్యి ఆ ఇంట్లో కాపరముండమను. నేను ఈణ్నుంచి లేసేది లేదు" అంది.

ఆ ఇల్లే కొన్నాం. దక్కడన్న తమ్ముడు ఇప్పుడు మనవలను ఎత్తుకుంటున్నాడు.

మొన్న ధర్మవరంలో మా అమ్మాయి కోసం ఫ్లాటు చూడబోయాం. చూపించే ఆయన ఫోనులో దిక్సూచి తెరిచి "తూర్పు ముఖం మేడమ్, వంద శాతం వాస్తు" అన్నాడు. ఏసీ ఆపమన్నాను. మా అమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది, అందుకని ఆమెనే పడమటి గదిలో గంట కూర్చోమన్నాను. పావుగంటకే కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఏసీ ఉండాది గదా మేడమ్, ఎంత వేడైతే ఏమి?" అన్నాడాయన.

"ఇల్లు చేయాల్సిన పని మిషనుతో చేయిస్తే ఇంక ఇల్లెందుకప్పా?" అన్నాను.

ఇన్ని ప్రశ్నలేస్తే మీకు జన్మలో ఇల్లు దొరకదన్నాడు. దొరక్కపోతే పోనీ. ఇంటికి మంచీ చెడూ చెప్పాల్సింది దిక్కులు కాదు, అందులో పగలంతా బతకాల్సిన మనిషి ఒళ్లు. ఎంత పెద్దమనిషి చెప్పినా పరీక్ష పెట్టకుండా తలూపని ఈ మొండితనం నాకు ఆ రెండు రోజుల్లో అబ్బింది. వదులుకునే ఉద్దేశం లేదు. రేపు పెనుకొండలో ఇంకో ఇల్లు చూడబోతున్నాం. సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి.