గుంట అన్న మాటకి నేను చెప్పిన అర్థం

ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చో, చిన్నీ. ఫోన్ చూస్తూ ఊఁ కొట్టడం కాదు, చెవి ఇటు పెట్టి వినాలి. నేను చెప్పింది చెప్పినట్టు టైప్ చెయ్యి. బాగుండాలని ఏదీ సర్దకు.

ఏడేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. మాట అంటే మాటే, రెండక్షరాలు. దానివల్ల నిద్ర పట్టలేదని, ముద్ద దిగలేదని చెబితే అబద్ధం. బాగానే తిన్నాను, పడుకున్నాను, నీ పుట్టినరోజులకి బొబ్బట్లు చేశాను. చెప్పులో దూరిన ఇసుక పలుకులా ఉంటుందది. నడక ఆగదు. కానీ ప్రతి అడుగులో ఉందని తెలుస్తుంది.

ముందు నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. మాది రాజమండ్రి అన్నాను కదా మీ అందరితో? కాదు. నేను పుట్టింది బర్మాలో. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి వెళ్ళినవాళ్ళు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మనవాళ్ళు అక్కడ ఉండలేని పరిస్థితి వచ్చింది. ఓడెక్కి విశాఖపట్నంలో దిగాం. రేకుల షెడ్లలో పెట్టారు. పాలపొడి కోసం సత్తు గిన్నె పట్టుకుని లైన్లో నించున్నాను నేను. నోరు మూసుకో, ఈగ దూరుతుంది. టైప్ చెయ్యి.

బడిలో మమ్మల్ని పేరుతో పిలిచేవారు కాదు. కాందిశీకుల పిల్లలు అనేవారు. అంటే రెఫ్యూజీలు. మా అమ్మ ‘సెప్పు’ అంటే నేను ‘చెప్పు’ అని దిద్దేదాన్ని, నలుగురిలో ఉంటే ఆవిడ పక్కన నడిచేదాన్ని కాదు. నా పెళ్ళప్పుడు మా మేనమామ ‘రాజమండ్రి వైపు వాళ్ళం’ అని చెప్పాడు. ఆ అబద్ధం ఆయనది. దాన్ని యాభై ఏళ్ళు ఉతికి ఆరేసి కట్టుకున్నది నేను. పెళ్ళయిన ఏడాదికే అమ్మ పోయింది. ఇక అడిగేవాళ్ళు లేరు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు అప్పుడు ఆరేళ్ళు. మీ నానమ్మ కూడా ఇక్కడే ఉంది, ఇద్దరం ఈ అమెరికాలో, ఇదే అరోరాలో, ఇదే ఇంట్లో. చర్చి బేస్‌మెంట్లో రెఫ్యూజీలకి సాయం చేసే ఆఫీసు ఒకటి ఉండేది. అక్కడ పనిచేసే కేటీ అనే అమ్మాయి గుడికి ఫోన్ చేసిందట. బర్మా నుంచి వచ్చిన ముసలావిడ ఒకరున్నారు, ఆవిడ మాట ఎవరికీ అర్థం కావడం లేదు, తెలుగేమోనని అనుమానం, ఎవరైనా వస్తారా అని. గుడివాళ్ళు మీ అమ్మకి చెప్పారు. మీ అమ్మ మా ఇద్దరినీ కార్‌లో అక్కడ దింపి తన ఆఫీసుకి వెళ్ళిపోయింది.

ఆవిడ పేరు అప్పయ్యమ్మ. సొంతవాళ్ళెవరూ లేకుండా, పొరుగువాళ్ళ కుటుంబంతో కలిసి వచ్చింది. పక్షవాతం వచ్చాక బర్మా భాష మొత్తం పోయిందట. చిన్నప్పటి తెలుగు ఒక్కటే మిగిలింది. పొరుగువాళ్ళకి తెలుగు రాదు. చూడు, ఎలాంటి ఇరుకో.

మీ నానమ్మ కాఫీ తెచ్చుకోవడానికి ఆ మూలకి వెళ్ళింది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ నా బొట్టు చూసింది. చీర చూసింది.

“ఓలమ్మా! తెలుగోలేనా నువ్వు?” అంది.

మా అమ్మ గొంతు, చిన్నీ. అచ్చం అదే. నా నోటినుంచి దానంతట అదే “ఏటమ్మా?” అని వచ్చేసింది. ఆ మాట నోట్లో పలికి ఎన్నేళ్ళయిందో. ఆవిడ నా చెయ్యి పట్టేసుకుంది. ఒక పక్క పడిపోయినా రెండో చేతిలో ఎంత బలమో! గబగబా చెప్పుకుపోయింది. ఊరి మీద దాడి జరిగితే అందరూ అడవిలోకి పరిగెత్తారట. ఆవిడ సరిహద్దు దాటిందట. కూతురు దాటలేదట. కూతురి పేరు చెప్పింది, గుర్తు చెప్పింది, ఏ నది పక్కన ఏ క్యాంపులో ఉందో చెప్పింది. ఇంతలో మీ నానమ్మ కాఫీతో వచ్చి నా పక్కన కూర్చుంది. కేటీ కూడా ఫారం తీసుకుని వచ్చింది. ఆ దేశంలో ఇళ్ళు పోయి క్యాంపుల్లో ఉన్నవాళ్ళకి బియ్యం, మందులు పంపించేవాళ్ళు వీళ్ళకి తెలుసు. ఎవరి మనుషులు ఎక్కడ చిక్కుకుపోయారో రాసుకుంటే వాళ్ళు వెతుకుతారు. ఫారం అందుకే.

అప్పయ్యమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. “నాకు దుప్పటొద్దు, ఏటీ వొద్దు. నా గుంట ఆ కేంపులో ఉండిపోనాది. దానికి బియ్యం గింజలు అందుతున్నాయో నేదో కనుక్కోమని సెప్పమ్మా ఈ పిల్లకి.”

మీ నానమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “ఇదేం తెలుగండీ వదినగారూ! మీకేమైనా అర్థమైందా?”

కేటీ పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. “ఏమంటున్నారు ఆంటీ?”

గుంట అంటే ఆ వైపు ఆడపిల్ల. మా అమ్మ నన్ను పిలిచిందీ ఆ పేరుతోనే. కృష్ణా జిల్లావాళ్ళకి, మీ నానమ్మకి, గుంట అంటే గొయ్యి. నేను మీ నానమ్మ వైపు ఒక్కసారి చూశాను. ఆవిడ తెలివైన మనిషి. కూతురు అని చెబితే, “మీకెలా తెలుసండీ?” అని అడుగుతుంది. అడిగితే అన్నేళ్ళ దారం ఊడుతుంది.

“గుంట అంటోంది,” అన్నాను మీ నానమ్మతో. “గొయ్యి. నీళ్ళ గొయ్యి కాబోలు. ఆ క్యాంపులో నీళ్ళకి కష్టంగా ఉందంటోంది.”

అదే కేటీకి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది. బావి కావాలి అని.

“పాపం, నీళ్ళకి కూడా కరువేనా!” అంది మీ నానమ్మ.

అప్పయ్యమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ నేను మీ నానమ్మకి తెలుగులో చెప్పింది ఆవిడ విన్నది. నా చెయ్యి వదిలేసింది. కోప్పడలేదు, ఏడవలేదు. కొంగు సర్దుకుని గోడ వైపు తిరిగింది. అంతే.

ఎందుకలా చేశాను? సిగ్గా? సిగ్గయితే ఎవరి మీద? ఆకలేసి లైన్లో నించున్న ఎనిమిదేళ్ళ పిల్ల మీదా? ఆ పిల్ల ఏం తప్పు చేసిందని నేను జీవితమంతా దాన్ని దాచిపెట్టి, దాన్ని దాచడానికి ఇంకో ఆడపిల్లని గొయ్యి చేశాను? ఎంత ఆలోచించినా ఇంతకు మించి తేలదు. మీ నానమ్మ ముందు తక్కువైపోతానని భయపడ్డాను. భయం చిన్నది. చేసింది పెద్దది.

రెండు వారాలాగి ఒక్కదాన్నే వెళ్ళాను, నిజం చెప్పేద్దామని. కేటీ ఎదురొచ్చి వాటేసుకుంది. “ఆంటీ, మీరు చెప్పిన బావి సంగతి రిపోర్ట్‌లో పెట్టాం, చాలా హెల్ప్ చేశారు. మాకు వాలంటీర్‌గా వస్తారా?” అంది. నిజం చెప్పడానికి తెరిచిన నోటితో సరే అన్నాను. సంతకం చేసి వచ్చాను. నవ్వు, పర్లేదు. నాకూ నవ్వొస్తుంది ఒక్కోసారి.

అప్పటినుంచి గురువారం గురువారం వెళుతున్నాను కదా, సబ్బులు, బియ్యం, లాంతర్లు పెట్టెల్లో సర్దడానికి. అందరూ ఎంత సేవాభావమో అంటారు. ప్రాయశ్చిత్తం అనుకుందామంటే, ఆ పని నాకు ఇష్టం. కబుర్లుంటాయి, టీ ఉంటుంది, ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హాయిగా ఉంటుంది. హాయిగా ఉన్నది ప్రాయశ్చిత్తం ఎలా అవుతుంది? ఆ క్యాంపులో నిజంగానే బావి తవ్వారని ఒకసారి కేటీ చెప్పింది. ఆ నీళ్ళు ఆ పిల్ల కూడా తాగి ఉంటుందిలే అని కొన్నాళ్ళు నన్ను నేను ఊరడించుకున్నాను. ఆ పిల్ల ఉంటే కదా. ఉందో లేదో కనుక్కోనివ్వనిదాన్ని నేనే.

ఏడాది తిరక్కుండానే ఆ పొరుగు కుటుంబం పనికోసం వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయింది. అప్పయ్యమ్మ వాళ్ళతోనే. ఇప్పుడు ఉందో లేదో తెలియదు. నన్ను క్షమించేవాళ్ళు ఎవరైనా ఉంటే ఆవిడే. నువ్వు ‘ఇట్స్ ఓకే అమ్మమ్మా’ అనకు. ఓకే కాదు. వినడం వరకే నీ పని. ఇలా పైకి అంటుంటే మాత్రం ఒళ్ళు తేలికవుతోంది, అదీ నిజమే, అదీ టైప్ చెయ్యి.

మీ నానమ్మకి చెబుతానా? ఏమో. ఆవిడే ముందు నవ్వేసి, ఇంతేనా వదినగారూ అంటే? అప్పుడు ఇన్నేళ్ళూ నేను భయపడింది దేనికి?

సరే, ఇక్కడినుంచి వేరే కాగితం. ఇది ఆ ఆఫీసుకి పంపాలి, ఇంగ్లీషులో నువ్వే మార్చు. ‘ఏడేళ్ళ కింద అప్పయ్యమ్మ గారు అడిగింది బావి కాదు. కూతురిని. ఆవిడ చెప్పింది నాకు ప్రతి మాటా అర్థమైంది. కావాలనే తప్పు చెప్పాను. అమ్మాయి పేరు పైడమ్మ. అప్పటికి పందొమ్మిదేళ్ళు...’

“వదినగారూ! పప్పు చల్లారిపోతోంది! ఆ పిల్లని కూడా తీసుకు రండి, ఎంతసేపా కబుర్లు?”

ఆఁ, వస్తున్నానండీ! మీ నానమ్మకి ఒక్క క్షణం ఆగదు. నువ్వు లేవకు, చెరపకు, ఇంకా ఉంది, రాయి. గుర్తేమిటంటే, ఎడమ చెవి కింద ఆ అమ్మాయికి