కువైట్ నుంచి ఐదు గంటలు

మా అన్న కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరుగా పనిచేసేవాడు. ఒకరోజు పొద్దున్నే అతని గదిలో ఉండే మనిషి ఫోన్ చేసి, రాత్రి పడుకున్నవాడు లేవలేదని చెప్పాడు. నేనుండే చింతామణి నుంచి బస్సులు మారి బాగేపల్లి దగ్గర మా ఊరు చేరేసరికి నాకు సగం పూట గడిచిపోయింది. వదిన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కంట్లో చుక్క నీరు లేదు. చిన్నాయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఆడ్నించి ఇమానం ఎంతసేపు పడతాదో ఫోన్లో సూడమ్మా."

చూశాను. బెంగళూరుకు మూడు వేల కిలోమీటర్ల పైమాటే, కానీ ఐదు గంటల లోపే వచ్చేయొచ్చు. అదే చెప్పాను.

"అట్లయితే పొద్దుగూకేలోగా ఇంటికాడ ఉంటాడు. గుంత తీయండప్పా," అన్నాడు చిన్నాయన.

ఎవరికీ తప్పనిపించలేదు. మాకు దూరమంటే ప్రయాణం ఒక్కటే. బండి ఎంతసేపట్లో వస్తే మనిషీ అంతసేపట్లో వస్తాడు. టమాటా చేను గట్టున, నాన్నను పెట్టిన చోటికి పక్కనే గుంత తీశారు. గౌరిబిదనూరు నుంచి చుట్టాలు దిగారు. అన్న మాత్రం రాలేదు. చీకటి పడ్డాక మళ్లీ ఫోన్ చేస్తే, పోలీసు కాగితాలు కావాలి, ఆసుపత్రి కాగితాలు కావాలి, ఎన్నాళ్లు పడుతుందో తెలియదన్నాడు ఆ గది మనిషి.

తవ్విన గుంతను రాత్రి ఖాళీగా వదిలితే అది ఇంట్లోంచి ఇంకొకరిని అడుగుతుందని మా పెద్దల భయం. అందుకని అరటి బోదె ఒకటి నరికి తెచ్చి, అందులో పడుకోబెట్టి పూడ్చాలన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి అక్కడ ఐసుపెట్టెలో ఉంటే ఇక్కడ ఈ ఆటలేమిటని అరిచాను. నా మాట వినేదెవరు? వదిన మాత్రం లేచి వచ్చింది. బోదెను చూస్తూ పిడికెడు మన్ను వేసింది. అప్పుడు ఏడ్చింది, గొంతు చిట్లిపోయేలా.

తర్వాత నెల దాటింది. వదిన నన్ను రోజూ అడిగేది ఒకటే.

"ముఖం సూడనిస్తారు కదమ్మా?"

చూడనిస్తారనే చెప్పేదాన్ని. పూడ్చేముందు అన్న నోట్లో వేయడానికి బియ్యం చిన్న మూట కట్టి దాచుకుంది. నేను ఫోన్‌లో విమానాలు చూస్తూ కూర్చునేదాన్ని. రోజూ వస్తూనే ఉన్నాయి, ఐదు గంటల లోపే. ఆ అంకె కనబడితే ఫోన్‌ను నేలకేసి కొట్టాలనిపించేది.

చివరికి అన్న వచ్చాడు. ఫోన్ చెప్పినంతసేపట్లోనే వచ్చాడు, నిమిషం ఆలస్యం కాలేదు. విమానాశ్రయం నుంచి చిక్కబళ్ళాపురం మీదుగా వ్యానులో తెచ్చుకున్నాం. గుంత మళ్లీ తవ్వి, కుళ్లిన బోదెను తీసి పక్కన పడేశారు. పెట్టె తెరవొద్దని, తెరిచినా మీరు చూడలేరని వ్యాను వెంట వచ్చిన మనిషి చెప్పాడు. చిన్నాయన తల వంచుకున్నాడు. బియ్యం వదిన కొంగులోనే ఉండిపోయాయి. పెట్టె దించుతున్నా ఆమె ఏడవలేదు. మన్ను వేయమంటే వేసింది.

ఇంటికి నడుస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"ఆపొద్దు అరటి బోదెనైనా కండ్లారా సూసి మన్నేస్తిని. ఈపొద్దు దేనిమీద ఏస్తినో తెలీదమ్మా."