కాంగ్రెస్ గడ్డి మధ్య గుడిసె

సువార్తమ్మకు ఆరేళ్లప్పుడు ఆమె తల్లిని ఎద్దులబండి ఎక్కించి కుష్ఠు ఆసుపత్రికి పంపించారు. తల్లి తిరిగి రాలేదు. ఆ రోగం ఏదో ఒకనాడు తన మొహం మీదికీ వస్తుందని సువార్తమ్మ ఎదురుచూస్తూనే పెరిగింది. నందవరం దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చినప్పుడు ఈ సంగతి అత్తకు చెప్పలేదు. భర్త అబ్రహాంకు చెప్పింది. అతను విని ఊరుకున్నాడు.

కలుపు కూలికి పోయేది. చేలలో, కాలవ గట్ల మీద అప్పటికే కాంగ్రెస్ గడ్డి కమ్ముకుంటూ ఉంది. ఆమె చిన్నప్పుడు ఆ మొక్క ఈ సీమలో లేదు. సన్నటి తెల్లపూలు, నలిపితే ఘాటు వాసన. నాలుగేళ్లు దాన్ని వట్టి చేతులతో పీకింది. ఏమీ కాలేదు.

1977 వానలప్పుడు కనురెప్పలు వాచాయి. మెడ ఎర్రబడి దురద పెట్టింది.

"ఏమే సువార్తా, మొగం గుమ్మడికాయ మాదిరి అయిందే! అబ్రహాం కొట్టినాడా, మేపినాడా?" అంది కూలీలను వెంటబెట్టుకు పోయే హనుమక్క. ఆడవాళ్లంతా నవ్వారు. సువార్తమ్మ కూడా నవ్వింది.

నెల తిరిగేసరికి చర్మం మందమెక్కింది. నుదుటి మీద మడతలు పడ్డాయి, చెవులు ఉబ్బాయి. అద్దంలో తల్లి మొహం కనబడింది. హనుమక్క హాస్యం మానేసింది. నీళ్లడిగితే చెంబు ఇవ్వకుండా దోసిట్లో పోసింది.

పాత సంగతి ఎవరో అత్తకు చేరవేశారు. "బిడ్డ ఉండే ఇల్లప్పా ఇది," అంది అత్త కొడుకుతో. "దాన్ని బయట పెడితే సరే. లేకుంటే బిడ్డను తీసుకొని నేనే పోతా." బిడ్డ రూతుకు అప్పుడు రెండేళ్లు.

అబ్రహాం కాలవ పక్కన గుడిసె వేశాడు. చుట్టూ నడుమెత్తు కాంగ్రెస్ గడ్డి. కొంత కోసి పైన కప్పాడు. మెత్తగా ఉంటుందని కొంత ఎండబెట్టి కింద పరిచాడు. ప్రేమగానే పరిచాడు. పూటపూటకూ జొన్నరొట్టె తెచ్చి రాయి మీద పెట్టి, దూరంగా కూర్చునేవాడు.

గుడిసెలో మొహం ఇంకా పగిలి రసి కారింది. అది చూసి, కుష్ఠేనని ఊరికి అనుమానం తీరిపోయింది. సాయంత్రాలు గాలికి గడ్డి ఊగుతుంటే, తిరిగిరాని తన తల్లి తడిక దగ్గర నిలబడి, రోగం ఎంతవరకు వచ్చిందో చూసి పోతున్నట్టు ఉండేది.

దసరా తరువాత అబ్రహాం ఆమెను ఆదోని తీసుకుపోయాడు. కుష్ఠు ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే డాక్టరు చీటీ కావాలి. ఆ చీటీ చేతికొస్తే రూతుకు ఇక తల్లి లేనట్టే.

చర్మవ్యాధుల డాక్టరు సేతుమాధవరావు చీటీ రాయలేదు. చాలాసేపు ఆమె మెడనూ చేతులనూ చూశాడు.

"దురద ఉందా తల్లీ?"

"నిద్ర పోనీదు సామీ."

"కుష్ఠు అయితే మచ్చను ముట్టుకున్నా తెలీదు. నీకు దురద. ఏం పని చేస్తావు?"

చెప్పింది. ఆయన లేచి పెరట్లోకి పోయి ఒక ఆకు తెంపుకొచ్చాడు. ఆ గడ్డి అక్కడా ఉంది. ఆకు నూరి, గుడ్డముక్కకు పూసి, ఆమె వీపు మీద పెట్టి పట్టీ అంటించాడు.

"రెండు దినాలు తడపొద్దు. ఈడ మండి దురద పెట్టిందంటే ఇదంతా ఈ ఆకు పనే, చీటీతో పని లేదు."

ఇద్దరూ చర్చి వసారాలో ఉన్నారు. మొదటి రోజు ఏమీ లేదు. పుట్టి బుద్ధెరిగాక సువార్తమ్మ దురద కోసం ప్రార్థన చేసింది అప్పుడే. రెండో రోజు మధ్యాహ్నం వీపు మీద చీమ పాకినట్టయింది.

"ఏమయ్యా, పెడతాంది."

"ఏంది?"

"దురద."

"గట్టిగా పెడతాందా?"

"నిప్పు మాదిరి."

అబ్రహాం మొహం తువ్వాలులో దాచుకున్నాడు.

మరునాడు పట్టీ తీస్తే, గుడ్డముక్క ఎంత ఉందో అంతమేర బొబ్బలు.

"మన ఒంట్లో కావలివాళ్లు ఉంటారమ్మా," అన్నాడు డాక్టరు. "కొత్తది ఏదొచ్చినా గుర్తు పెట్టుకుంటారు. నీ ఒళ్లు ఈ ఆకును చూసి చూసి, ఒకనాడు దొంగ అనుకునింది. ఇంక అది తగిలినప్పుడంతా కొట్లాటే. దెబ్బలు మాత్రం నీ చర్మానికి."

"మర్చిపోదా సామీ?"

"ఒళ్లు మర్చిపోదు. నువ్వే దూరంగా ఉండల్ల. ఇప్పుడు యాడ పండుకుంటాండావు?"

అబ్రహాం తలవంచుకుని గుడిసె సంగతి చెప్పాడు. డాక్టరు కళ్లద్దాలు తీశాడు.

"రోగం మీదనే పరుపు పరిచి పండబెట్టినావు కదప్పా!"

సువార్తమ్మ మళ్లీ పల్లెకు పోలేదు. అబ్రహాం పోయి, అత్త ఏడుస్తున్నా వినకుండా రూతును తెచ్చాడు. ఆదోనిలో పత్తి మిల్లులో ఇద్దరికీ పని దొరికింది. పూతమందుకు, గడ్డి లేని వీధికి, ఎండాకాలానికల్లా ఆమె మొహం ఆమెకు తిరిగొచ్చింది. మెడ చుట్టూ నలుపు మాత్రం ఉండిపోయింది.

ఆదివారం చర్చికి పోయే ముందు రూతును ఎదురుగా కూర్చోబెట్టుకుని కళ్లు మూసుకోమనేది. దూదిపోగు తీసి చెంపకు, మోచేతికి, చెవి వెనక తాకించేది. "తెలిసిందా?" "తెలిసింది." ఏ వారమూ తప్పలేదు. స్పర్శ పోయిందేమోనని అలా చూడాల్సిన పని లేదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఆమె తల ఊపి వచ్చింది.

రూతుకు పదకొండేళ్లు వచ్చాయి. ఒక ఆదివారం వీధిలో స్నేహితురాళ్లు పిలుస్తున్నారు. కళ్లు మూసుకునే విసుక్కుంటోంది.

"తెలిసిందా?"

పిల్ల పెదవులు బిగించింది.

"తెలీలేదు," అంది.

అని కిసుక్కున నవ్వింది. కళ్లు తెరిచి తల్లిని చూసింది. నవ్వు ఆగిపోయింది.

"తమాషాకన్నాలేమ్మా. తెలిసింది. చెవి వెనక. దేవుని తోడు, తెలిసిందమ్మా."

సువార్తమ్మ మళ్లీ కళ్లు మూసుకోమంది.