ముగ్గుపిండి గీతల మీద ఇంగ్లీషు

చిన్నప్పుడు పుంగనూరులో మేము ఇంగ్లీషు టెన్సులు పరిగెత్తుతూ నేర్చుకున్నాం...

తొంభైల నాటి మాట. ఎస్తేరు టీచరమ్మ మిషన్ బడిలో పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రాలు ఆమె ఇంటి వాకిట్లో పదో తరగతి పిల్లలకు ట్యూషన్.

వాళ్ళింట్లో ముగ్గు వేసే అలవాటు లేదు. కానీ మా కోసం రోజూ ముగ్గుపిండితో మూడు అడ్డగీతలు గీసేవారు. బావి దగ్గరి గీత జరిగిపోయిన పనికి. నడిమి గీత జరుగుతున్న పనికి. గేటు దగ్గరిది జరగబోయే పనికి.

ఎదురంగడి వెంకటప్ప ఊరుకునేవాడు కాదు.

"ఏం టీచరమ్మా, మీరు గూడా ముగ్గేస్తాండారే?"

"ముగ్గు గాదప్పా, గ్రామరు. నువ్వూ రా, పరిగెత్తుదువు."

టీచరమ్మ ఇంగ్లీషులో ఒక వాక్యం చదువుతూ, క్రియ రావాల్సిన చోట ఆగేవారు. ఆ క్రియ ఏ కాలంలో ఉండాలో ఆ గీత మీదికి మేము పరిగెత్తాలి. తప్పు గీత మీద నిలబడినవాళ్ళు అరుగెక్కి చెనక్కాయలు ఒలవాలి. ఆమెకు కురబలకోట దగ్గర కొంచెం చేను ఉండేది. ఆ చేనుకు పోయిన విత్తనాల్లో సగం నేను ఒలిచినవే.

నిన్న అంటే బావి, రేపు అంటే గేటు. అంతవరకూ పర్వాలేదు... ఒకరోజు "షీ" అని ఆగి, "హియర్ సిన్స్ మార్నింగ్" అన్నారు. ఆమె పొద్దున్నుంచీ ఇక్కడే ఉంది అని కదా. పొద్దున అయిపోయింది, కాబట్టి బావి. కానీ మనిషి ఇంకా ఇక్కడే ఉంది, మరి నడిమి గీతేమో... నేను తేల్చుకునేలోగా అందరూ ఏదో ఒక గీత చేరిపోయారు.

రెడ్డెమ్మ ఒక్కతే ఏ గీత మీదా లేదు. బావి గీతకూ నడిమి గీతకూ మధ్యలో, ఖాళీ మట్టి మీద నిలబడింది.

"అదీ," అన్నారు టీచరమ్మ. "పొద్దున మొదలైంది, ఇంకా అయిపోలేదు. అట్లాంటివి ఆడనే నిలబడాల."

ఆ రోజు నుంచి నేనొక పద్ధతి పట్టుకున్నాను. రెడ్డెమ్మ ఎటు పోతే నేనూ అటే. ఆమె ఆ వీధి పిల్లే. ఆడపిల్లల హైస్కూల్లో చదివేది.

నాకు అది ఆట కాదు. హాఫ్ ఇయర్లీలో ఇంగ్లీషు పోయింది. మా నాయన ముందే చెప్పేశాడు.

"పబ్లిక్‌లో గూడా పోయిందంటే శాంతిపురంలో మీ మామ కాడికే. గ్రానైటు రాళ్ళు మోద్దువు. ఆడ టెన్సులు ఎవురూ అడగరు."

నాకు చదువుకోవాలని ఉండేది.

కొన్నాళ్ళకు రెడ్డెమ్మకు విసుగొచ్చింది. టీచరమ్మ వాక్యం ముగించగానే గేటు వైపు దూసుకుపోయింది. నేనూ దూసుకుపోయాను. గీత మీద కాలు పెట్టబోతూ ఆమె గిరుక్కున తిరిగి బావి దగ్గరికి పోయి నిలబడింది. గేటు దగ్గర నేనొక్కడినే మిగిలాను. వాక్యంలో 'లాస్ట్ వీక్' ఉందట...

"ఏమప్పా, పోయిన వారాన్ని గేటు కాడ ఎతుకుతాండావా?" అంది.

అందరూ నవ్వారు. అంగట్లోంచి వెంకటప్ప కూడా.

అరుగు మీద చేట ముందు కూర్చున్నాను. కాసేపటికి రెడ్డెమ్మ వచ్చి చేటకు అవతలి పక్కన కూర్చుంది.

"నీది కరెక్టే గదా. నువ్వు యాల ఒలుస్తాండావు?"

"నీ ఒక్కడితో ఐతే ఎప్పటికి అయ్యేను?"

కొన్ని కాయలు ఒలిచాక మెల్లగా, "నా కాళ్ళు సూడొద్దు. వాక్యం సూడు," అంది.

చూశాను. అర్థం కాలేదు. అది ఆమెకూ తెలిసింది. మరుసటి రోజు నుంచి కొంచెం నిదానంగా పరిగెత్తేది, నాకు అందేలా.

పబ్లిక్ పరీక్షకు మా సెంటర్లు వేరు. హాల్లో కూర్చున్నాక గానీ ఆ సంగతి బుర్రకెక్కలేదు... ఖాళీలన్నీ ఒకేలా కనిపించాయి. కళ్ళు మూసుకున్నాను. వాకిలి కనిపించింది, మూడు గీతలు కనిపించాయి. ఒక్కో వాక్యం మనసులో చదివి, రెడ్డెమ్మ ఎటు పరిగెత్తుతుందా అని చూశాను. ఆమె ఎక్కడ ఆగితే అదే రాశాను.

పేపర్లో నా నంబరు వచ్చింది. మా నాయన నమ్మలేదు.

"ఇంకోసారి సూడప్పా, పక్కోడిదేమో."

తర్వాత మదనపల్లెలో డిగ్రీ. నాదీ రెడ్డెమ్మదీ ఒకే బస్సు. రెండువేల సంవత్సరం దాటాక మా పెళ్ళి, కుప్పంలో నాకు ఉద్యోగం. ఆఫీసులో ఇంగ్లీషులో ఏది రాయాల్సి వచ్చినా ఇంటికి తెచ్చి చదివి వినిపించేవాడిని. వంటింట్లోంచే "బావి కాడ" అనేది, లేకపోతే "గేటు కాడ" అనేది. మా అమ్మాయి చాలా రోజులు మేమేదో తోట కొంటున్నామనుకుంది.

నిరుడు రెడ్డెమ్మ పోయింది.

మొన్న పుంగనూరు మీదుగా వస్తూ ఆ వీధిలో ఆగాను. టీచరమ్మ లేరు. వాకిలంతా సిమెంటు. బావి ఎక్కడుండేదో కూడా గుర్తుపట్టలేకపోయాను. బండి పక్కన కాసేపు నిలబడి, ఎందుకు ఆగానో తెలియక వచ్చేశాను.

ఇప్పుడు వాక్యం తప్పయితే ఫోనే దిద్దేస్తుంది. మంచిదే. నాలాంటివాళ్ళకు అప్పుడే ఉండాల్సింది... కానీ తప్పు గీత మీద నిలబడినవాడి పక్కన కూర్చుని అది చెనక్కాయలు ఒలవదు.

మీరు చిన్నప్పుడు ఎవరి వెనకాల పరిగెత్తేవాళ్ళు? రాయండి, చదువుతాను.

నేను ఇప్పటికీ ఏదైనా రాసి వంటింటి వైపు చూస్తున్నాను... ఇది కూడా అలాగే రాశాను. ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు.